బెంగళూరు ఆఫీసులో ‘మనవాళ్ళ’ టీమ్‌ను అందరి టీమ్‌గా మార్చడం ఎలా?

మారతహళ్ళిలో నేను మొదటిసారి టీమ్ లీడ్ అయ్యేనాటికి 11 మందిలో 8 మంది తెలుగువాళ్ళమే. ఎవరూ కావాలని చేసింది కాదు. “అన్నా, మా జూనియర్ ఒకడున్నాడు, బాగా చేస్తాడు” అని ఒకరు, “మా ఊరబ్బాయే, రెజ్యూమె పంపనా?” అని ఇంకొకరు. తెలిసినవాళ్ళను చేర్పిస్తే కంపెనీ ఇచ్చే రెఫరల్ బోనస్ ఎలాగూ ఉంది. హాయిగా సాగిపోతోందనుకున్నాను.

అప్పుడే ఒక రిజిస్ట్రేషన్ పేజీ చేశాం. లాస్ట్ నేమ్ తప్పనిసరి, కనీసం మూడు అక్షరాలు ఉండాలి. ఈ సంగతి టీ కొట్టు దగ్గర తెలుగులో రెండు నిమిషాల్లో తేల్చేశాం. రిలీజయ్యాక చెన్నై, కోయంబత్తూరు కస్టమర్లు ఆ పేజీలోనే ఆగిపోతున్నారని కనిపెట్టడానికి మూడు వారాలు పట్టింది. తమిళనాడులో చాలామందికి మనలాగా ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. మా టీమ్‌లోనే ఒక తమిళమ్మాయి ఉంది. “నీకు తెలుసు కదా, చెప్పలేదేం?” అని అడిగితే, “మీరు ఎప్పుడు మాట్లాడుకున్నారో తెలిస్తే కదా” అంది.

ఆ అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకున్నాం గానీ మాటల్లోకి తీసుకోలేదు. మీ టీమ్‌దీ ఇదే కథ అయితే ఇలా మొదలుపెట్టండి.

1. లెక్క తీయండి

ఎంతమంది ఆడవాళ్ళు, ఎన్ని రాష్ట్రాలవాళ్ళు అని తలలు లెక్కపెడితే సగమే తెలుస్తుంది. దరఖాస్తు, ఇంటర్వ్యూ, ఆఫర్, ప్రమోషన్, రాజీనామా అని ఐదు గడులు గీసి, ఎవరు ఏ గడిలో జారిపోతున్నారో చూడండి.

2. రెఫరల్‌కు గేటు పెట్టండి

రెఫరల్ మానక్కర్లేదు. కానీ ప్రతి ఖాళీకీ బయటినుంచి వచ్చిన ఇద్దరినైనా ఇంటర్వ్యూ చేశాకే ఆఫర్ అని నియమం పెట్టుకోండి. రెఫర్ చేసినవాళ్ళు ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చోకూడదు.

3. పేరు చూడకుండా ఎంచండి

సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే రకం అర్హతలున్న దరఖాస్తులను అగ్రకుల హిందూ, దళిత, ముస్లిం పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళిత, ముస్లిం పేర్లున్నవాటికి పిలుపు వచ్చే అవకాశం తక్కువని తేలింది. మనకు ఇది కొత్తేం కాదు. “మీ ఇంటిపేరేంటమ్మా? ఏ ఊరు?” అని కబుర్లలా మొదలెట్టి మనసులో కులం లెక్కగట్టే ప్యానెల్ సభ్యులను నేను చూశాను. అందుకే రెజ్యూమెలో పేరు, ఫోటో, ఊరు తీసేసి ప్యానెల్‌కు పంపండి. అందరినీ ఒకే ప్రశ్నలు అడగండి. నలుగురూ మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్ళు రాసేయాలి. లేకపోతే సీనియర్ ఏమంటే అందరూ అదే అంటారు.

4. నిర్ణయం ఎక్కడ జరిగిందో గమనించండి

మా దగ్గర బాగా పనిచేసింది ఇదే. తెలుగు మాట్లాడొద్దని నియమం పెడితే నవ్విపోతారు, పెట్టకండి. టీ దగ్గర సినిమాలు, క్రికెట్ ఎంతైనా మాట్లాడుకోండి. పనిమాట రాగానే “గ్రూపులో రాయి” అనాలి, అంతే. గ్రూపులో రాయనిది నిర్ణయం కాదు. మొదటి వారం అందరికీ విసుగొచ్చింది, నాతో సహా. రెండో నెలకల్లా అంతవరకూ పెదవి విప్పని ఇద్దరు రాసి అభ్యంతరాలు చెప్పడం మొదలుపెట్టారు.

సాయంత్రం ఆరు తర్వాత మీటింగులు పెట్టకండి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ తెలిసీ ఆ టైముకు పెట్టామంటే చిన్నపిల్లలున్న తల్లిని రావద్దని చెప్పినట్టే.

5. చట్టం అడిగేవి ముందు పూర్తిచేయండి

10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటినుంచి ఒకరు తప్పనిసరి. కాంట్రాక్టు మీద పనిచేసే హౌస్‌కీపింగ్ వాళ్ళు కూడా ఫిర్యాదు చేయవచ్చు. నోటీసు ఇంగ్లీషులోనే అంటిస్తే వాళ్ళకేం ఉపయోగం? కన్నడంలో కూడా పెట్టండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. సమాన అవకాశాల విధానం ప్రకటించాల్సిన బాధ్యత ప్రైవేటు సంస్థలకూ ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని ఉంచే క్రెష్ సదుపాయం ఉండాలనే నియమం 2017లో ప్రసూతి చట్టానికి చేసిన సవరణతో వచ్చింది.

పండగల సంగతంటారా, ఉగాదికి మన బొబ్బట్లూ కన్నడిగుల ఒబ్బట్టూ పక్కపక్కన పెడితే బాగానే ఉంటుంది. అది ఒక్కరోజు ముచ్చట.

6. లాభం మీ లెక్కలోనే చూపించండి

వైవిధ్యం ఉన్న కంపెనీలకు లాభాలు ఎక్కువని మెకిన్సే అనే కన్సల్టింగ్ సంస్థ 2015 నుంచి నివేదికలు ఇస్తోంది. రెండూ కలిసి కనిపిస్తున్నాయంటే ఒకటి రెండోదానికి కారణమని కాదు. ఆ స్లైడ్ పట్టుకుని మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. మీ సొంత అంకెలు పట్టుకెళ్ళండి: చేరిన ఏడాదిలోపు ఎవరు వెళ్ళిపోయారు, వాళ్ళ స్థానంలో ఇంకొకరిని తేవడానికి ఎంతైంది, రిలీజ్‌కు ముందే దొరికిన తప్పులు ఎన్ని, వాటిని ఎవరు పట్టుకున్నారు.

నేను లాస్ట్ నేమ్ ఫీల్డ్ కథతోనే వెళ్ళాను. మూడు వారాల్లో ఆ పేజీ దగ్గర ఆగిపోయినవాళ్ళ గ్రాఫు ఒకటి, దాని పక్కన మా టీమ్ జాబితా ఒకటి. మా మేనేజర్ జాబితాలోని తమిళమ్మాయి పేరు మీద వేలు పెట్టి, “ఈమెను రేపటి మీటింగుకు పిలిచారా?” అని అడిగారు. పిలవలేదు. అప్పటికప్పుడు బయటికొచ్చి పిలిచాను.