చీలమండ ఆపరేషన్‌కు రోబో అంటే ముందు ఏం అడగాలి

హనుమకొండలో మా అమ్మ చీలమండ ఆపరేషన్ కోసం తిరిగినప్పుడు నేర్చుకున్నది చెబుతున్నాను. రోబో అనగానే టెన్షన్ పడకండి, మురిసిపోకండి కూడా. ఆపరేషన్ చేసేది డాక్టరే. సీటీ స్కాన్ చూసి ముందే వేసుకున్న లెక్క తప్పిపోకుండా మిషన్ సాయం చేస్తుంది. మోకాలికి, తుంటికి ఇది అలవాటైన పద్ధతి. చీలమండకు ఇంకా కొత్త. అందుకే మొదట "సార్, చీలమండకే ఎన్ని చేశారు?" అని అడగండి. మోకాళ్ల లెక్క చెబితే మళ్లీ అడగండి. కీలు మార్పిడా, ఎముకలు అతికించడమా అన్నది కాగితం మీద రాయించుకోండి. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే రక్త పరీక్ష) రిపోర్టు తీసుకెళ్లండి.

అతికిస్తే వారాల తరబడి ఆ కాలు కింద మోపనివ్వరు. మా బాత్రూం గడప రెండంగుళాలే, అయినా అమ్మ వాకర్ రోజూ అక్కడే తట్టుకునేది. మీరు ఆపరేషన్‌కు ముందే అలాంటి గడపను తీయించండి.