విజయవాడ నిద్రవేళకు తగ్గట్టు ఓగేమ్ సామ్రాజ్యం

2002లో జర్మనీలో మొదలైన ఓగేమ్ బ్రౌజర్‌లో ఆడే అంతరిక్ష సామ్రాజ్యం ఆట. మనం లాగౌట్ అయినా గనులు తవ్వుతూనే ఉంటాయి, పక్కవాడి ఫ్లీట్ (అంతరిక్ష ఓడల దళం) మన మీదికి బయల్దేరుతూనే ఉంటుంది. కొత్తవాళ్లను దెబ్బతీసేవి రెండు లెక్కలు: కరెంటు, నిద్ర.

ముందు కరెంటు. మొదట్లో చేతిలో 500 మెటల్, 500 క్రిస్టల్ ఉంటాయి. సోలార్ ప్లాంట్ లెవెల్ 1 (ఖర్చు 75 మెటల్, 30 క్రిస్టల్), మెటల్ మైన్ 1 (60, 15), సోలార్ 2 (112, 45), మెటల్ 2 (90, 22), క్రిస్టల్ మైన్ 1 (48, 24), ఇదే వరుస. సోలార్ 2 ఇచ్చే ఎనర్జీ 48, ఈ గనులు తినేది 36. ఇక్కడ ఆశపడి మెటల్ 3 కట్టేస్తే 51 కావాలి, ఉన్నది 48. తగ్గిన ఆ 3 ఒక్క గనికే పరిమితం కాదు, అన్ని గనుల ఉత్పత్తీ అదే నిష్పత్తిలో పడిపోతుంది. అందుకే గని లెవెల్ పెంచేముందు ఎనర్జీ అంకె చూడాలి, ఎరుపులో ఉంటే ముందు సోలార్ కట్టాలి. ఓడలకు ఇంధనమైన డ్యూటీరియాన్ని తయారుచేసే సింథసైజర్ మొదటి లెవెలే 22 ఎనర్జీ తింటుంది. దాన్ని గనులు నిలదొక్కుకున్నాక పెట్టండి, కానీ మరీ ఆలస్యం చేయొద్దు: రోబోటిక్స్ ఫ్యాక్టరీకి, రీసెర్చ్ ల్యాబ్‌కి చెరో 200 డ్యూటీరియం కావాలి.

సరుకు మోసే ఓడ స్మాల్ కార్గో కావాలంటే ఓడలు కట్టే షిప్‌యార్డ్ 2, ఇంజిన్ రీసెర్చ్ అయిన కంబషన్ డ్రైవ్ 2 ఉండాలి. షిప్‌యార్డ్‌కి ముందు రోబోటిక్స్ 2 తప్పదు. ఒక్కో కార్గో 5,000 యూనిట్లు మోస్తుంది.

కరెంటు ఇచ్చే సోలార్ శాటిలైట్లు చవగ్గా కనిపిస్తాయి, కానీ దాడిలో కూలితే ఒక్కోదాని 2,000 క్రిస్టల్‌లో మామూలుగా 30 శాతం, అంటే 600, శిథిలాల్లో తేలుతుంది, దాన్ని దాడి చేసినవాడు ఏరుకుపోవచ్చు. వంద శాటిలైట్లు నిలబెడితే దొంగను పిలిచినట్టే. ఫ్లీట్‌తో పాటు వాటిని ఎక్కడికీ పంపలేం కూడా.

ఇక నిద్ర. యూరప్ సర్వర్లో ఆడేవాళ్లు దీన్ని బాగా పట్టించుకోవాలి. విజయవాడలో రాత్రి 11 అయితే జర్మనీలో చలికాలం 6:30, ఎండాకాలం 7:30. మనం పడుకునే వేళకు అక్కడివాళ్లు పని ముగించి ఆటకు కూర్చుంటారు. దాడి గెలిచినవాడు గ్రహం మీదున్న సరుకులో మామూలుగా సగం దాకా ఎత్తుకుపోగలడు. గుంటూరు యార్డులో ధర కోసం మిర్చిని కోల్డ్ స్టోరేజీలో దాచినట్టు ఇక్కడ దాచకూడదు. స్టోరేజ్ కట్టకముందు ఒక్కో సరుకుకు 10,000 వరకే చోటు, నిండితే ఆ గని ఆగిపోతుంది. కాబట్టి పడుకునేముందు చేతిలో ఉన్నదాంతో కట్టగలిగిన ఖరీదైన భవనం మొదలుపెట్టి, మిగిలింది రీసెర్చ్‌లో పెట్టండి.

రెండో గ్రహం వచ్చాక దారి సులువు. దానికి ఆస్ట్రోఫిజిక్స్ రీసెర్చ్ 1, కాలనీ షిప్ (10,000 మెటల్, 20,000 క్రిస్టల్, 10,000 డ్యూటీరియం) కావాలి. ఒక్కో సౌరకుటుంబంలో 15 స్థానాలుంటాయి. 8వ స్థానం దగ్గర గ్రహాలు పెద్దవి, 15వది చల్లన కాబట్టి డ్యూటీరియం ఎక్కువ. తొలి కాలనీకి 8 వైపే మొగ్గాలని మా సలహా, చోటు లేని గ్రహంలో గనుల లెవెల్ పెంచడం త్వరగా ఆగిపోతుంది. రాత్రి సరుకంతా కార్గోల్లో నింపి డిప్లాయ్‌మెంట్‌గా (అంటే అక్కడే ఉండిపోయేలా) ఆ గ్రహానికి పంపండి, దారిలో ఉన్న ఫ్లీట్‌పై ఎవరూ దాడి చేయలేరు. వేగం 10 శాతం దాకా తగ్గించవచ్చు, డ్యూటీరియం కూడా తక్కువ పడుతుంది. చేరే సమయం మీరు లేచాక ఉండాలి. ఆరింటికి లేచేవాళ్లు 6:30 పెట్టుకోవాలి. 4 గంటలకు చేరితే ఆ రెండు గంటలూ సరుకు, ఫ్లీట్ దిక్కులేకుండా నిలబడి ఉంటాయి.