డీ అండ్ డీలో భారీ కవచంతో నిద్రపోవడం: ఎప్పుడు విప్పాలి, ఎప్పుడు ఉంచుకోవాలి?

డీ అండ్ డీ, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆటలో, పార్టీ (ఆటగాళ్ల పాత్రల బృందం) అడవిలో మకాం వేయగానే ఆట నడిపే డంజన్ మాస్టర్ నుంచి ప్రశ్న వస్తుంది: "కవచం విప్పి పడుకుంటున్నావా, అలాగేనా?" అప్పటికప్పుడు తేల్చుకోబోతే అర్ధగంట వాదనకే పోతుంది.

1. రూల్ ముందే అడగండి. ఐదో ఎడిషన్ 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో దీనికి శిక్షే లేదు. 2017 నాటి జానథర్స్ గైడ్ అనే అనుబంధ పుస్తకం ఒక ఐచ్ఛిక నియమం తెచ్చింది: మీడియం, హెవీ కవచాలతో పడుకుంటే, ఖర్చయిన హిట్ డైస్ (విశ్రాంతిలో గాయాలు మాన్పుకోవడానికి వాడే పాచికలు)లో పావు వంతే తిరిగొస్తుంది, కనీసం ఒకటి. ఎగ్జాషన్ (పాత్ర అలసట స్థాయి) అసలు తగ్గదు. హిట్ పాయింట్లు (ప్రాణశక్తి) మామూలుగానే వస్తాయి. పాత 3.5 ఎడిషన్ ఇంకా కఠినం. మర్నాడంతా అలసటే, స్ట్రెంగ్త్ (బలం)కూ డెక్స్టెరిటీ (చురుకుదనం)కీ 2 చొప్పున కోత, పరుగెత్తడమూ కుదరదు.

2. విప్పితే పోయేదెంతో లెక్కేసుకోండి. ఐదో ఎడిషన్‌లో హెవీ కవచం తొడగడానికి 10 నిమిషాలు, అంటే 100 రౌండ్లు. అంతసేపు సాగే పోరాటం ఎక్కడుంది? దాడి జరిగితే కవచం లేకుండానే కొట్లాడాలి. ప్లేట్ అనే హెవీ కవచంలో ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడానికి శత్రువు చేరాల్సిన అంకె) 18, డెక్స్టెరిటీ 10 ఉన్న ఫైటర్ విప్పేస్తే 10. దాడికి 4 బోనస్ ఉన్న గోబ్లిన్‌కు ప్లేట్ మీద 20 ముఖాల పాచికపై 14 పడాలి, వట్టి ఒంటి మీద 6 చాలు. డాలు పక్కనే పెట్టుకోండి, అది ఒక్క యాక్షన్‌లో చేతికొస్తుంది.

3. ఐచ్ఛిక నియమం ఉన్న టేబుల్‌లో హిట్ డైస్ చూసి నిర్ణయించండి. ఒక్కటే ఖర్చయి, ఎగ్జాషన్ లేకపోతే నిశ్చింతగా ప్లేట్‌లోనే పడుకోండి. ఆ ఒక్కటీ ఎలాగూ తిరిగొస్తుంది. ఎగ్జాషన్ ఉంటే మాత్రం విప్పాల్సిందే, బేరం లేదు.

4. రాత్రికి వేరే కవచం ఉంచుకోండి. నా ఓటు దీనికే. తేలికపాటి కవచంతో పడుకుంటే ఆ నియమంలో కూడా నష్టం లేదు. స్టడెడ్ లెదర్ 13 పౌండ్లు, ధర 45 బంగారు నాణేలు. ఇదే ఫైటర్‌కు ఆర్మర్ క్లాస్ 12, డాలుతో 14. గోబ్లిన్ ఇప్పుడు 10 వేయాలి.

5. చివరి కాపలా మీరే తీసుకోండి. లాంగ్ రెస్ట్ (రాత్రి పూర్తి విశ్రాంతి) 8 గంటల్లో 2 గంటల వరకు కాపలా కాయొచ్చు. లేచి ప్లేట్ తొడుక్కుంటే తెల్లవారే దాకా సిద్ధంగా ఉంటారు. విజర్డ్ (మాంత్రికుడి పాత్ర)కు లియోమండ్స్ టైనీ హట్ అనే రక్షణ గుడార మంత్రం వస్తే ఇంత టెన్షనే అక్కర్లేదు.

6. మీరే డంజన్ మాస్టరైతే, రాత్రి దాడి ఉందో లేదో ముందే పాచిక వేసి రాసిపెట్టుకోండి, కవచం సంగతి ఆ తర్వాతే అడగండి. విప్పిన రాత్రే దాడి వస్తుంటే, మీ పార్టీలోని ఫైటర్ ఇక జన్మలో ప్లేట్ తియ్యడు.