ఖరీదైన వాన జాకెట్ కొనేముందు ఏమేం చూడాలి?

2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ బండలెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. ఇప్పుడు నల్లగొండ, పాలమూరు నుంచి హిమాలయాల్లోని కేదార్‌కంఠా, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా పోయేవాళ్లు కనబడుతున్నారు. వెంట తీసుకెళ్లాల్సిన సామాన్లలో ‘షెల్ జాకెట్’ అని ఉంటుంది. పేరున్న కంపెనీది అడిగితే పాతిక వేలు, నలభై వేలు చెబుతారు. అంత డబ్బు ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ దండగవుతుందో తేల్చుకున్నాకే కొనాలి.

షెల్ అంటే అన్నిటికన్నా పైన వేసుకునే పలచటి జాకెట్. వానను, గాలిని ఆపడమే దాని పని. వెచ్చదనం లోపల వేసుకునే ఫ్లీస్ (ఉన్నిలాంటి మెత్తటి కోటు) ఇస్తుంది. అందుకే చేతిలో తేలిగ్గా ఉందని షెల్‌ను పక్కన పెట్టొద్దు.

1. ఎక్కడ తొడుగుతారో ముందు తేల్చుకోండి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. ఈ జాకెట్లలో బట్ట వెనక సన్నటి పొర ఒకటి ఉంటుంది. గోర్‌టెక్స్ అందులో బాగా పేరున్నది. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్కసారిగా సాగదీసి కనిపెట్టిన పదార్థంతో అది మొదలైంది. దాని రంధ్రాలు నీటి బొట్టు కన్నా దాదాపు 20,000 రెట్లు చిన్నవి, ఆవిరి అణువు కన్నా దాదాపు 700 రెట్లు పెద్దవి అని కంపెనీ చెబుతుంది. అందుకే వాన లోపలికి రాదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది.

అయితే ఆవిరి దానంతట అది పోదు. లోపల వేడి, తేమ ఎక్కువగా ఉండి బయట తక్కువగా ఉంటేనే కదులుతుంది. కొండల మీద బయట అయిదు డిగ్రీలున్నప్పుడు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. శ్రావణంలో నల్లమలలో మన్ననూరు దాటి మల్లెలతీర్థం జలపాతం మెట్లు దిగుతున్నారనుకోండి. ముసురు పడుతుంటుంది, ఉక్కపోత తగ్గదు, గాలి నిండా తేమే. ఇక చెమట ఎటు పోతుంది? నలభై వేల జాకెట్ తొడిగినా లోపల బనీను పిండుకునేలా తడుస్తుంది. మీరు తిరిగేది నల్లమలలోనే అయితే గొడుగో, పక్కలు తెరుచుకుని ఉండే పాంచోనో చాలు. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి. హిమాలయాలకు పోయేవాళ్లు మాత్రం ముందుకు చదవండి.

2. ట్యాగు మీది అంకెలు చదవండి

10,000 మిల్లీమీటర్లు అని ఉంటే, బట్ట మీద పది మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని అది ఆపిందని అర్థం. మామూలు వానకు ఇది చాలు. బ్యాగు పట్టీలు భుజాలను గంటల తరబడి నొక్కుతుంటాయి కాబట్టి, ఖరీదైనది కొంటున్నప్పుడు 20,000కు తగ్గొద్దు. గాలాడే గుణానికి ఒక్కో కంపెనీ ఒక్కో పరీక్ష వాడుతుంది కాబట్టి ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందనే లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ‘ఆర్ఈటీ’ అని రాసి ఉంటే, అది ఆవిరి బయటికి పోకుండా బట్ట ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె. అది ఎంత తక్కువైతే అంత మంచిది, 6 లోపు ఉంటే చాలా బాగున్నట్టు.

పైబట్ట, మధ్యలో సన్నటి పొర, లోపల పలచటి బట్ట కలిపి అతికించిన మూడు పొరలదే తీసుకోండి. లోపలి బట్టకు బదులు పూత మాత్రమే ఉండే రెండున్నర పొరలది తేలిక, చవక, కానీ చెమట పట్టగానే చేతులకు అంటుకుంటుంది. బట్ట దారం 20 డీనియర్ (దారం మందాన్ని చెప్పే లెక్క) అయితే సంచిలో దాచుకోవడానికి బాగుంటుంది. బండలకు రాసుకునే పని ఉంటే 40, అంతకు పైన చూడండి.

3. షాపులో తిరగేసి చూడండి

దీనికోసం హైదరాబాద్ పోవాల్సి వచ్చినా పోవడమే మేలు. ఇంటి నుంచి ఫ్లీస్ తీసుకెళ్లి, దాని మీద జాకెట్ తొడిగి చూడండి. చేతులు రెండూ పైకెత్తితే అంచు నడుము పైకి లేవకూడదు. జాకెట్‌కున్న టోపీ పెట్టుకుని పక్కకు చూడండి. తలతో పాటు టోపీ తిరగాలి, అది కదలకుండా మీ ముఖమే దానిలోకి పోతే ఆ జాకెట్ వద్దు. తర్వాత లోపలి వైపు తిరగేసి ప్రతి కుట్టునూ వేలితో తడమండి. కుట్టంతటా నీళ్లు దిగకుండా అతికించిన టేపు ఉండాలి, కొన్ని రకాలకు భుజాల దగ్గర, టోపీకి మాత్రమే వేస్తారు.

చంకల కింద జిప్పులు తప్పకుండా ఉండాలి. ఎక్కుడు దారిలో ఏ పొరా చేయలేని పని అవి చేస్తాయి. జాకెట్ తొడుక్కునే ఒంటిచేత్తో తెరిచి చూడండి. జేబులు బ్యాగు నడుము బెల్టు కిందికి పోతే వాటిలో చేయి పెట్టలేరు, అదీ చూసుకోండి.

4. కొన్నాక కాపాడుకోండి

గొర్రె ఉన్నిలోని జిడ్డు వల్ల మన గొంగడి మీద చినుకు ఎలా జారిపోతుందో, జాకెట్ పైబట్టకూ అలాంటి పూత ఉంటుంది. అది అరిగితే బట్ట నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, ఆవిరి బయటికి పోలేదు. జాకెట్ కారుతోందని చాలామంది అనుకునేది ఇదే. ఇప్పుడు వస్తున్న ఫ్లోరిన్ లేని పూతలు పర్యావరణానికి మంచివి, కానీ నూనెకు తట్టుకోలేవు. తలకు కొబ్బరినూనె రాసుకునేవాళ్లకు టోపీ అంచు, మెడ దగ్గర ముందు పాడవుతుంది. కాబట్టి మాసినప్పుడల్లా ఉతకాలి.

మామూలు సర్ఫు పొడి, కంఫర్ట్ లాంటివి వద్దు. ఇలాంటి బట్టల కోసమే అమ్మే లిక్విడ్‌తో ఉతికి, రెండుసార్లు జాడించి, నీడన ఆరేయండి. లేబుల్ మీద ఇస్త్రీ చేయొచ్చని ఉంటే, పైన పలచటి గుడ్డ పరిచి, ఆవిరి లేకుండా తక్కువ వేడి మీద రుద్దితే పూత మళ్లీ పనిచేస్తుంది. అప్పటికీ చినుకు జారకపోతే పూత స్ప్రే కొట్టాల్సిందే.

మన ఎండాకాలంలో కారు డిక్కీలో మాత్రం పడేయొద్దు. వేడికి, తేమకు లోపలి పూతలు, టేపు జిగురు పాడై ఊడి వస్తాయి. బాగా ఆరాక, మడత పెట్టకుండా బీరువాలో హ్యాంగర్‌కు తగిలించండి. బిల్లు కూడా జాగ్రత్త చేయండి. పొరలు ఊడితే మార్చి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, అప్పుడు మొదట అడిగేది దాన్నే.