డ్యూవెల్ రుచి చూసి మార్కులు వేసే ముందు జాగ్రత్తలు

బెల్జియంలోని బ్రీన్‌డాంక్‌లో తయారయ్యే డ్యూవెల్ అనే బీరు చూడడానికి మామూలు లాగర్ రకం బీరులా లేత రంగులో కనిపించినా, అందులో ఆల్కహాల్ 8.5 శాతం ఉంటుంది కాబట్టి, ముందుగా కొంత భోజనం చేసి, ఇంటికి వెళ్లేటప్పుడు బండి వేరొకరు నడిపేలా ఏర్పాటు చేసుకోవాలి. రుచి చూడబోయే ముందు కాఫీ, కారపు వంటలు, కిళ్లీ మానాలి. అత్తరు అసలే వద్దు, అది పక్కవారి తీర్పును కూడా చెడగొడుతుంది.

ఇది సీసాలోనే మళ్లీ పులిసే బీరు కనుక అడుగున ఈస్టు మడ్డి పేరుకుంటుంది. సీసాను ముందురోజే ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టి, మూత తీసే దాకా కదపకూడదు.

గ్లాసు విషయంలో అలసత్వం పనికిరాదు. 330 మిల్లీలీటర్ల బీరూ, దాని మీద లేచే దట్టమైన నురగా రెండూ పట్టే తులిప్ ఆకారపు గ్లాసును సబ్బు, జిడ్డు మిగలకుండా కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. జిడ్డు గ్లాసులో నురగ నిలవక, ఆ లోపం బీరు ఖాతాలో పడుతుంది. గ్లాసును వంచి నెమ్మదిగా పోస్తూ, మడ్డి కదిలే లోపే ఆపాలి.

మరీ చల్లగా ఉంటే పియర్ పండు, మిరియాలను తలపించే వాసనలు అణగిపోతాయి గనుక, మార్కులు వేసే ముందు కాసేపు ఆగి మళ్లీ వాసన చూడాలి. తీపి మిగలకుండా ముగియడం ఈ శైలి లక్షణమే, లోపం కాదు. గోళ్ల రంగు చెరిపే ద్రావణంలాంటి ఘాటు తగిలితే మాత్రం నిర్మొహమాటంగా మార్కులు తగ్గించాలి.