పిన్‌బాల్ ఇన్సర్ట్ చుట్టూ పగుళ్లు: నా అనుభవం

చికాగోలో మా ఇంటి బేస్‌మెంట్‌లో 1980 నాటి పిన్‌బాల్ మెషీన్ (వాలు బల్ల మీద ఉక్కు బంతిని కొట్టే ఆట యంత్రం) ఉంది. బాణం గుర్తున్న ఇన్సర్ట్ (కింది బల్బు వెలుగు కనిపించేలా బల్లలో బిగించిన ప్లాస్టిక్ బిళ్ల) మీదికి రాగానే బంతి పక్కకి జరిగేది. వేలితో తడిమి చూస్తే ఆ బిళ్ల చెక్క కంటే కాస్త కిందికి దిగింది. అంచు చుట్టూ పెయింట్ వలయంలా పగిలింది.

ప్లేఫీల్డ్, అంటే బంతి దొర్లే బల్ల, ప్లైవుడ్‌తో చేస్తారు. ఎండాకాలపు తేమకు ఉబ్బుతుంది, చలికాలం హీటర్ వేస్తే కుంచించుకుపోతుంది. ప్లాస్టిక్ అలా కదలదు. రెంటినీ పట్టి ఉంచేది పాత జిగురు ఒక్కటే. దానికి కింద బల్బు వేడి, పైన ఉక్కు బంతి దెబ్బలు. జిగురు వదిలితే పైనున్న పెయింట్ తెగక తప్పదు.

మొదట సూపర్‌గ్లూ వేశాను. అది పెళుసు, కొన్నాళ్లకే ఊడింది. ఈసారి బల్బు సాకెట్ తీసి, అంచు వెంట బ్లేడుతో గీత పెట్టి (ఇది మరవకండి, లేకపోతే పెయింట్ లేచొస్తుంది), హీట్‌గన్‌తో మెల్లగా వెచ్చబెట్టి బిళ్లను కిందనుంచి తోసి బయటికి తీశాను. పాత జిగురంతా గీకి, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) రాసి బిళ్లను తిరిగి పెట్టాను. పైన మైనపు కాగితం, దానిమీద చదునైన చెక్క దిమ్మె పెట్టి, ఒక రోజంతా క్లాంప్ బిగించి ఉంచాను. వేడి తగ్గాలని ఎల్‌ఈడీ బల్బులు వేశాను. ఇప్పుడు బంతి తిన్నగా వెళ్తోంది.