ఇన్‌బాక్స్‌లో చెత్త తగ్గాలి, ఆర్డరు మాత్రం పోకూడదు: బ్లాక్, స్పామ్, ఫిల్టర్ వాడే పద్ధతి

మా బాబాయికి కడియపులంకలో నర్సరీ ఉంది. మొక్కల సంగతి ఆయన చూసుకుంటారు, మెయిళ్ళు, కొటేషన్లు నేను చూస్తాను. పోయినేడాది తొలకరికి ముందు లోన్లిస్తామనేవాళ్ళు, వెబ్‌సైటు చేసిపెడతామనేవాళ్ళు, డిస్కౌంట్ల వాళ్ళు రోజుకి నలభై యాభై మెయిళ్ళు పంపుతుంటే విసుగొచ్చి ఒక ఫిల్టర్ పెట్టాను. మెయిల్‌లో ఎక్కడైనా 'ఆఫర్' అనే ఇంగ్లీషు మాట కనిపిస్తే చాలు, డిలీట్ అయిపోవాలి. కొన్నాళ్ళు ఇన్‌బాక్స్ కడిగినట్టు ఉంది. తర్వాత హైదరాబాద్ నుంచి ఒక ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టరు ఫోన్ చేశారు. "లిస్టు పంపి ఇరవై రోజులైందండి, మీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు, వేరేచోట తీసేసుకున్నాం" అన్నారు. ట్రాష్ తెరిచి చూస్తే ఉంది. ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, టర్మినాలియాలు, క్రోటన్లు, అన్నీ కలిపి ఒక లారీ లోడు. చివరి లైనులో 'మీ బెస్ట్ ఆఫర్ రేటు తెలపండి' అని ఇంగ్లీషులో రాశారు. ఆ ఒక్క మాటకే అంత ఆర్డరూ చెత్తలోకి పోయింది.

బాబాయి కోప్పడలేదు. "ఇంకోసారి ఇలా జరక్కుండా చూడరా" అన్నారంతే. ఆ రాత్రి కూర్చుని ఉన్న ఫిల్టర్లన్నీ ఒక్కొక్కటే తీసి చూసి, అప్పట్నుంచి నేర్చుకుంటూ వచ్చిందే ఇక్కడ రాస్తున్నాను. మెయిల్ మీద వ్యాపారం నడిపేవాళ్ళు మన వైపు చాలామందే ఉన్నారు, కడియంలో మొక్కలవాళ్ళు, నరసాపురంలో లేసు పనివాళ్ళు, భీమవరంలో రొయ్యల ఎగుమతి చూసేవాళ్ళు, ఆత్రేయపురం నుంచి పూతరేకులు పార్సిల్ చేసేవాళ్ళు. వీళ్ళకి పది స్పామ్ మెయిళ్ళు వచ్చినా నష్టం లేదు, ఒక్క మంచి మెయిల్ పోతే మాత్రం నష్టం. అందుకే ఏ సెట్టింగ్ ముట్టుకునేముందైనా 'దీనివల్ల మంచిది ఏదైనా పోతుందా?' అని ఆలోచించండి. నేను చెప్పేది జీమెయిల్ గురించి, ఎక్కువమంది వాడేది అదే కాబట్టి.

ముందు బ్లాక్ సంగతి. బ్లాక్ చేస్తే అవతలివాళ్ళ మెయిల్ అసలు రాదనుకుంటారు చాలామంది. వస్తుంది. మన కాలవలకి తూము వేసినట్టు కాదది, నీళ్ళు ఆగవు, మురుగు కాలవలోకి మళ్ళుతాయి అంతే. అంటే మీరు బ్లాక్ చేసినవాళ్ళు ఆ తర్వాత పంపేవన్నీ నేరుగా స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి, పంపినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. మెయిల్ తెరిచి, పంపినవాళ్ళ పేరు ఉన్న వరసలో కుడివైపు, రిప్లై బాణం పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే 'బ్లాక్' అని ఉంటుంది. ఫోన్‌లోనూ అక్కడే. ఒక మనిషి, ఒకే అడ్రసు నుంచి పదేపదే విసిగిస్తుంటే ఇది సరిపోతుంది. స్పామ్ పంపేవాళ్ళు మాత్రం రోజుకో అడ్రసు మారుస్తారు, వాళ్ళని ఒక్కొక్కర్నీ బ్లాక్ చేస్తూ కూర్చుంటే లిస్టు పెరుగుతుందే తప్ప మెయిళ్ళు తగ్గవు. కొన్నిసార్లు పంపినవాళ్ళ చోట మీ సొంత అడ్రసే కనిపిస్తుంది, దొంగగా పెట్టిందన్నమాట, అలాంటప్పుడు బ్లాక్ ఏం పనికొస్తుంది?

అలాంటి వాటికి 'రిపోర్ట్ స్పామ్' నొక్కండి. అది నొక్కినప్పుడు ఆ మెయిల్ కాపీ ఒకటి గూగుల్‌కి వెళ్తుంది, అలాంటివి ముందుముందు పట్టుకోవడానికి అది పనికొస్తుంది. అయితే మీరే ఎప్పుడో పేరిచ్చిన షాపు నుంచో, బట్టల సైట్ నుంచో వచ్చేవాటిని స్పామ్ అని కొట్టకండి. వాటికి అన్‌సబ్‌స్క్రైబ్ ఉంది. జీమెయిలే పంపినవాళ్ళ పేరు పక్కన ఆ మాట చూపిస్తుంది, అది నొక్కండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మెయిల్ అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు మాత్రం ముట్టుకోవద్దు, నొక్కగానే ఈ అడ్రసులో మనిషున్నాడు, చదువుతున్నాడు అని వాళ్ళకి తెలిసిపోతుంది.

ఎవర్ని బ్లాక్ చేశారో చూసుకోవాలంటే కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, పైన పళ్ళ చక్రం గుర్తు నొక్కి, 'సీ ఆల్ సెట్టింగ్స్'లోకి వెళ్ళి, 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్' అనే ట్యాబ్ తెరవండి. పైన ఫిల్టర్లు, కింద బ్లాక్ చేసిన అడ్రసులు వరసగా ఉంటాయి. పొరపాటున పడ్డవాళ్ళ పేరు దగ్గర టిక్ పెట్టి అన్‌బ్లాక్ చేయండి. నేను మొదటిసారి తెరిచినప్పుడు అందులో మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు అడ్రసు ఉంది. ఎప్పుడు నొక్కానో గుర్తులేదు. లారీ రసీదులు నెలల తరబడి ఎందుకు రావట్లేదా అని వాళ్ళకి ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాను, వాళ్ళేమో పంపామనే చెబుతూ వచ్చారు.

ఇక ఫిల్టర్లు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, చెడేదీ బాగుపడేదీ ఇక్కడే. ఫోన్ యాప్‌లో ఫిల్టర్ తయారుచేయడం కుదరదు, కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. సెర్చ్ పెట్టె కుడి చివర అడ్డగీతల గుర్తు ఒకటి ఉంటుంది, అది నొక్కితే ఒక ఫారం తెరుచుకుంటుంది. ఎవరి దగ్గర్నుంచి, ఎవరికి, సబ్జెక్టు ఏంటి, ఏ మాటలు ఉండాలి, ఏ మాటలు ఉండకూడదు అని గళ్ళుంటాయి. నింపాక చాలామంది నేరుగా 'క్రియేట్ ఫిల్టర్' నొక్కేస్తారు. నేనూ అదే చేశాను. ముందు 'సెర్చ్' నొక్కండి. మీరు రాసిన షరతుకి మీ పాత మెయిళ్ళలో ఏవేవి దొరుకుతాయో అన్నీ వస్తాయి. ఆ లిస్టులో ఒక్క మంచి మెయిల్ కనిపించినా ఆ ఫిల్టర్ పనికిరాదు. ఆర్డరు పోయాక నేను 'ఆఫర్' అనే మాటతో వెతికి చూస్తే మా పాత కస్టమర్ల మెయిళ్ళే వరసగా వచ్చాయి, ఒకాయన ప్రతి సీజన్‌లోనూ 'కైండ్లీ ఆఫర్ యువర్ రేట్స్' అనే మొదలుపెడతారు. అర నిమిషం పెట్టి ముందే చూసుంటే ఆ లారీ మా గేటు నుంచే కదిలేది.

తర్వాతి పేజీలో ఆ మెయిళ్ళని ఏం చేయాలో అడుగుతుంది. మాటలు చూసి పట్టే ఫిల్టర్‌కి 'డిలీట్' ఎప్పుడూ పెట్టకండి. దాని బదులు 'స్కిప్ ద ఇన్‌బాక్స్' పెట్టి, 'అప్లై ద లేబుల్' దగ్గర 'తర్వాత చూడాలి' అనో ఇంకేదో పేరు పెట్టండి. ఇన్‌బాక్స్‌లో గోల ఉండదు, మెయిల్ మాత్రం ఎక్కడికీ పోదు, తీరిక దొరికినప్పుడు ఆ లేబుల్ తెరిచి చూసుకోవచ్చు. డిలీట్ పెడితే ట్రాష్‌లోకి వెళ్తుంది, 30 రోజులు దాటితే శాశ్వతంగా పోతుంది. అడుగున పాత మెయిళ్ళకి కూడా వర్తించాలా అనే పెట్టె ఒకటుంటుంది, డిలీట్‌తో కలిపి దానికి టిక్ పెడితే పాతవి కూడా ట్రాష్‌లోకి పోతాయి, జాగ్రత్త.

చెత్తని పట్టుకోవడం కంటే మంచి మెయిళ్ళని కాపాడుకోవడానికే నేనిప్పుడు ఫిల్టర్లు ఎక్కువ వాడుతున్నాను. రెగ్యులర్‌గా మొక్కలు తీసుకునే కంపెనీ ఉందనుకోండి, 'ఫ్రమ్' గడిలో ఎట్ గుర్తు పెట్టి, దాని తర్వాత వాళ్ళ కంపెనీ డొమైన్ (అడ్రసులో ఎట్ గుర్తు తర్వాత ఉండే భాగం) మాత్రం రాయండి, మనుషులు మారినా ఆ కంపెనీ నుంచి ఎవరు పంపినా దొరుకుతుంది. తర్వాతి పేజీలో 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్'కి టిక్ పెట్టండి. ఇక అది స్పామ్‌లో పడదు. ఈ చోట జీమెయిల్ డొమైన్ మొత్తం రాశారో, తలుపులు బార్లా తెరిచినట్టే, ప్రపంచంలో ఉన్న జీమెయిల్ స్పామంతా లోపలికొస్తుంది. జీమెయిల్ వాడే కస్టమర్లకి పూర్తి అడ్రసే రాయాలి, లేదా వాళ్ళని కాంటాక్ట్స్‌లో పెట్టుకోవాలి.

ఇన్ని చేసినా స్పామ్ ఫోల్డర్ చూడటం మానకూడదు. అక్కడ కూడా 30 రోజులే గడువు, ఆ తర్వాత దానంతటదే తుడిచేస్తుంది. నేను ప్రతి సోమవారం పొద్దున్న, మొక్కల లోడింగ్ మొదలవకముందు ఒకసారి తెరిచి, సబ్జెక్టులు మాత్రం పైనుంచి కిందికి చదువుతాను. పది నిమిషాలు కూడా పట్టదు. మంచిది దొరికితే 'నాట్ స్పామ్' నొక్కి, ఆ మనిషిని కాంటాక్ట్స్‌లో చేరుస్తాను. ఇంకో సంగతి, మామూలుగా సెర్చ్ చేస్తే స్పామ్, ట్రాష్ ఫోల్డర్లలో వెతకదు. "పంపానండి" అని అవతలివాళ్ళు అంటున్నా మీకు కనపడకపోతే, ఇందాకటి ఫారంలోనే కింద 'ఆల్ మెయిల్' అని ఉన్నచోట 'మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్' ఎంచుకుని వెతకండి.

కొత్తగా ఎక్కడైనా మెయిల్ ఇవ్వాల్సొస్తే ఒక ఉపాయం ఉంది. మీ అడ్రసులో ఎట్ గుర్తుకి ముందు ప్లస్ గుర్తు పెట్టి ఏదో ఒక మాట చేర్చి ఇవ్వండి, ఎరువుల సైట్ అయితే ఎరువులు అని ఇంగ్లీషు అక్షరాల్లో. జీమెయిల్ ఆ ప్లస్ తర్వాతది పట్టించుకోదు, మెయిల్ మీకే వస్తుంది. రేపు ఆ ప్లస్ అడ్రసుకి ఎవరో లోన్ మెయిల్ పంపారంటే మీ అడ్రసు ఎక్కడ్నుంచి బయటికి పోయిందో తెలిసిపోతుంది, 'టు' గడిలో ఆ అడ్రసు పెట్టి ఒక ఫిల్టర్ వేసుకుంటే సరి. కొన్ని సైట్లు ప్లస్ గుర్తుని ఒప్పుకోవు, అక్కడ చేసేదేమీ లేదు.

మోసపు మెయిళ్ళ విషయంలో పేరు చూసి నమ్మకండి. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. పేరు కింద 'టు మీ' పక్కనున్న చిన్న బాణం నొక్కితే ఏ అడ్రసు నుంచి వచ్చినట్టు ఉందో కనిపిస్తుంది. కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఇది మరీ గట్టిగా చెబుతున్నాను, కువైట్‌లో ఉద్యోగం, వీసా ఫీజు ముందు కట్టండి అని మెయిల్ వస్తే, ఆ ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉందో లేదో చూడకుండా రూపాయి కూడా పంపొద్దు. అప్పటికే పంపేసి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకి జాతీయ హెల్ప్‌లైన్ అది.

మనం పంపేవి అవతలివాళ్ళ స్పామ్‌లో పడటం ఇంకో బాధ. సీజన్ మొదట్లో రేట్ల లిస్టు మూడొందల మందికి ఒకేసారి బీసీసీలో (ఒకరి అడ్రసు ఇంకొకరికి కనపడని గడిలో) పెట్టి పంపడం మన దగ్గర మామూలే, నేనూ పంపేవాణ్ణి. అందులో కొందరు స్పామ్ అని కొట్టారంటే ఆ తర్వాత మన మామూలు కొటేషన్‌ని కూడా జీమెయిల్ అనుమానంతోనే చూస్తుంది. ఉచిత జీమెయిల్ నుంచి రోజుకి 500 మందికి మించి పంపనివ్వరు కూడా. అడిగినవాళ్ళకి మాత్రం, చిన్న చిన్న గుంపులుగా పంపండి. సొంత డొమైన్‌తో మెయిల్ పెట్టుకున్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే ప్రతివాళ్ళకీ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలని గూగుల్ నియమం పెట్టింది, రోజుకి 5,000కు పైగా పంపేవాళ్ళకైతే రెండూ ఉండాలి, వాటితోపాటు డీమార్క్ కూడా. ఈ మెయిల్ నిజంగా ఈ డొమైన్ నుంచే వచ్చింది అని చెప్పే సాక్ష్యాలు అవి. వెబ్‌సైటు చేసినవాళ్ళు డొమైన్ సెట్టింగ్స్‌లో పెట్టాలి, చాలాసార్లు పెట్టకుండానే వదిలేస్తారు.

పెట్టారో లేదో మీరే చూసుకోవచ్చు. మీ నర్సరీ అడ్రసు నుంచి మీ సొంత జీమెయిల్‌కి ఒక మెయిల్ పంపండి. కంప్యూటర్లో దాన్ని తెరిచి, మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' తెరవండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని వరసగా ఉండి, పక్కన 'పాస్' అని కనిపించాలి. వీటిలో ఏదైనా లేకపోయినా, 'ఫెయిల్' అని ఉన్నా ఆ పేజీని ఫొటో తీసి మీ వెబ్‌సైటు చేసినాయనకి వాట్సాప్‌లో పంపండి, ఏం చేయాలో ఆయనకి చూడగానే తెలుస్తుంది. ఆయన సరిచేశానన్నాక మళ్ళీ ఒక మెయిల్ పంపి, మూడింటి పక్కనా 'పాస్' వచ్చాకే కొత్త రేట్ల లిస్టు బయటికి పంపండి.